నా ఇంట్లో వాళ్ళ మూడు నిద్రలు

పాలు పొంగకుండా చూడడం నా ఉద్యోగం. యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో చేరిన మొదటి రోజు వంటమేస్త్రి నా చేతికి పొడుగు గరిటె ఇచ్చాడు. భట్టీ మీదున్న పెద్ద పాల గంజు చూపించి, "గిది పొంగిందంటే నిన్ను గిండ్లనే ఏసి కాగబెడత" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నేను ఆ గంజు ముందు నుంచి కదలలేదు. రిటైరయ్యేదాకా కదలలేదనే అనుకోండి. పాలు అంచు దాకా లేచి, ఇంకొక్క ఊపిరి తీస్తే కిందికి దూకుతాయనగా మంట తగ్గించాలి. ముందు తగ్గిస్తే మీగడ కట్టదు, ఆలస్యమైతే నేలపాలు. ఆ ఒక్క క్షణం నా చేతికి తెలుసు. నాకు ఇంకేం తెలియకపోయినా అది తెలుసు.

నేను చదువుకోలేదు. సంతకం పెట్టడం వచ్చు, బస్సు నంబరు గుర్తుపట్టడం వచ్చు. ఇదంతా నోటితో చెబుతున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. మాట గరుకుగా ఉంటే ఆ గరుకు నాదే, దాన్ని నున్నగా చెయ్యొద్దని ముందే చెప్పాను.

ఆ ఉద్యోగం అసలు మా ఇంటాయనది. ఆయన అదే మెస్సులో వంట చేసేవాడు. కామెర్లు వచ్చి పోయాడు. ఒళ్ళో ఆడపిల్ల ఉందని, వెళ్ళడానికి చోటు లేదని చూసి ఆయన ఉద్యోగం నాకిచ్చారు. ఉద్యోగంతో పాటు ఆయనకిచ్చిన క్వార్టర్ కూడా ఉంచారు. హాస్టళ్ళ వెనకాల రెండు గదులు, పైన రేకులు. పొద్దున్నే నెమళ్ళు రేకుల మీద దిగి నడిస్తే పైన ఎవరో చెప్పులేసుకుని తిరుగుతున్నట్టు ఉండేది. నా బిడ్డ ఆ చప్పుడుకే లేచేది. అక్కడే పెరిగింది, అక్కడి నుంచే పెళ్ళి చేసి పంపాను. బౌద్ధనగర్‌లో అద్దె ఇల్లు వాళ్ళది. అల్లుడు ఒక కంపెనీ గోదాములో సూపర్‌వైజరు.

క్వార్టర్ ఎన్నేళ్ళున్నా మనది కాదు. గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి. పక్క క్వార్టర్లో తోటపని చేసే అతను రిటైరయ్యాడు. ఖాళీ చెయ్యాల్సిన రోజు అతని పెళ్ళాం సామానంతా రోడ్డు పక్కన పెట్టుకుని ట్రాలీ ఆటో కోసం చూస్తోంది. పొద్దుటి నడకకు వచ్చినవాళ్ళు, చెవుల్లో వైర్లు పెట్టుకున్నవాళ్ళు, ఆమె మంచం చుట్టూ తిరిగి దారి చేసుకుని పోయారు. ఒక్కరూ ఆగలేదు. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. నేను చాయ్ తీసుకుపోతే గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు. ఆ రోజే అనుకున్నాను, నేను రోడ్డు మీద మంచం వెయ్యను. ఎవరూ నన్ను 'ఎప్పుడు పోతావు' అని అడగని గడప ఒకటి కావాలి. చిన్నదైనా సరే, నాది కావాలి. నాకున్న కోరికల్లా అదే. వేరే కోరికలుంటే అప్పుడే చచ్చిపోయాయి.

రిటైరయ్యాక కొన్ని నెలలు క్వార్టర్ ఉంచుతారు. ఆ నెలల్లోనే ఇల్లు వెతికాను. వచ్చిన డబ్బు, చేతి గాజులు, మా నాయన ఊళ్ళో నాకిచ్చిన పొలం ముక్క అన్నీ ఈ ఇంటి కిందికే పోయాయి, ఇక డబ్బు మాట ఎత్తను. తార్నాక తప్ప వేరే చోటు వద్దనుకున్నాను. యూనివర్సిటీ గేటు దాటితే తార్నాక. నాకు తెలిసిన కూరగాయల బండి, నాకు తెలిసిన డాక్టరు, నాకు తెలిసిన బస్టాపు అక్కడే ఉన్నాయి.

ఇళ్ళు చూపించే బ్రోకర్ ఒకడు స్కూటర్ మీద వచ్చేవాడు. మొదటి రోజే అడిగాడు.

"సార్ ఏం చేస్తరమ్మా?"

"సార్ లేడు."

"కొడుకుకా మరి ఇల్లు?"

"కొడుకు లేడు."

"మరి ఎవరికమ్మా?"

"నాకురా. నేను కనిపిస్తలేనా?"

వాడు నవ్వి, "కనిపిస్తున్నవమ్మా, జర ఫోన్ల మాట్లాడనీకె మొగాయన ఉంటే మంచిగుంటది" అన్నాడు. అందుకే అల్లుణ్ణి పిలిచాను. అల్లుడు తిరిగాడు. సెలవు పెట్టి మరీ తిరిగాడు. అతను లేకపోతే ఈ ఇల్లు కొనడం అయ్యేది కాదు. కోపంలో ఉన్నా ఆ మాట మింగను.

చూసిన ఇల్లల్లా చేజారేది. తార్నాకలో ఏ సందులోకి పోయినా పైన హాస్టల్, కింద కోచింగ్ సెంటర్. గది గదికీ నాలుగు మంచాలు వేసి అద్దెకిచ్చుకునేవాళ్ళు మనకన్నా ముందే వచ్చి బేరం చేసుకుపోతారు. నాకు నచ్చిన ఒక ఇల్లు అట్లాగే పోయింది. మాట అయిపోయింది, తాంబూలం పుచ్చుకుందాం అనుకున్న రోజు పోయి చూస్తే ఇనప మంచాలు దించుతున్నారు. ఆ ఇంటాయన నా మొహం చూడకుండా, "ఆడపిల్లల హాస్టలమ్మా, పుణ్యముంటది" అన్నాడు. నీ పుణ్యం నీ దగ్గరే పెట్టుకో అని వచ్చేశాను.

చివరికి దొరికింది పాత అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తు. ఒక హాలు, ఒక పడకగది, ఒక వంటిల్లు. గోడలు పెచ్చులూడాయి, బాత్రూం తలుపు ఉబ్బి మూసుకోదు. నేను అవేవీ చూడలేదు. తిన్నగా వంటింట్లోకి పోయి గట్టు ముందు నిలబడ్డాను. మోచెయ్యి వంచితే గట్టు సరిగ్గా దాని కిందికి ఉంది. మెస్సులో భట్టీ నేల మీద ఉండేది. వంగి వంగి నా నడుము పోయింది. ఇక్కడ నిలబడి వండుకోవచ్చు. కిటికీలోంచి రెండు మేడల సందులో మెట్రో రైలు పోతూ కనిపించింది. రైలు పోయేదాకా నేను గట్టు మీద చెయ్యి పెట్టుకుని నిలబడే ఉన్నాను. అల్లుడు హాల్లోంచి, "అత్తమ్మా, గోడలు జర చూడు, చెమ్మ ఉన్నది" అంటున్నాడు. "చూసిన కొడుకా, మంచిగున్నది" అన్నాను.

రిజిస్ట్రేషన్ రోజు అక్కడి గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి ముందే సిరా డబ్బా నా వేలి దగ్గరికి జరిపాడు. "నాకు సంతకం వస్తది" అన్నాను. "వచ్చినా వెయ్యాలెమ్మా, కలెక్టరొచ్చినా వెయ్యాలె" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. సంతకమూ పెట్టాను, వేలూ వేశాను. ఇల్లు నా పేరు మీదికి వచ్చింది. బయటికి వచ్చి బండి దగ్గర నిమ్మసోడా తాగాం. నా బిడ్డ నా వేలి సిరా తన చున్నీతో తుడుస్తూ, "అమ్మ ఓనరయింది" అని నవ్వింది. ఆ రోజు మాత్రం మంచి రోజు. ఆ నవ్వులో కల్లాకపటం లేదు.

తర్వాత పాలు పొంగించడం దగ్గరకు వచ్చింది కథ.

ముహూర్తం పెట్టడానికి అయ్యగారిని పిలిచాం. వియ్యపురాలు, అంటే అల్లుడి తల్లి, ఊరి నుంచి ముందే వచ్చి కూర్చుంది. అయ్యగారు పంచాంగం చూసి రోజు చెప్పి, తల ఎత్తకుండానే అడిగాడు.

"పీటల మీద ఎవరు కూసుంటరు?"

"ఇల్లు నాదయ్యా" అన్నాను.

"ఇల్లు నీదేనమ్మా, కాదంటలేను. పీటల మీద దంపతులు కూసోవాలె. పాలు ముత్తయిదువ చేతుల మీద పొంగాలె."

వియ్యపురాలే అందుకుంది. "గండ్ల ఏమున్నది అయ్యగారూ, నా కొడుకు కోడలు కూసుంటరు. ఏమంటవు వదినె? బిడ్డ కూసుంటే నువ్వు కూసున్నట్టే గదా."

నేను సరే అన్నాను. నన్నెవరూ మెడ మీద కత్తి పెట్టి అనిపించలేదు. నాకూ భయమే. మా ఇంటాయన పోయినప్పటి నుంచి పెళ్ళిళ్ళలో వెనక గోడకు ఆనుకుని నిలబడడం అలవాటైన దాన్ని. ఒక్కగానొక్క ఇల్లు, కీడు జరుగుతుందేమోనని బెదిరాను. కానీ ఒకటి అడుగుతాను. వందలమంది పిల్లలకు పొద్దున్నే పొయ్యి ముట్టించిన చెయ్యి ఇది. ఆ పాలు తాగి పరీక్షలు రాశారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు. ఒక్కడు కూడా నీకు మొగుడున్నాడా అని అడిగి గ్లాసు ముట్టుకోలేదు. నా సొంత పొయ్యి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పనికిరాకుండా పోయింది.

ఇంకో ఆచారం ఉంది మావైపు. కొత్త ఇంట్లోకి పోయేవాళ్ళకు పుట్టింటివాళ్ళు బట్టలు పెట్టాలి, ఆడపడుచుకు ఒడిబియ్యం పొయ్యాలి. పీటల మీద కూర్చునేది నా బిడ్డ కాబట్టి పుట్టింటిదాన్ని నేనయ్యాను. అంటే నా ఇంటికి నేనే చుట్టాన్నై, అల్లుడికి ప్యాంటు షర్టు, బిడ్డకు పట్టుచీర, వియ్యపురాలికి జరీ అంచు చీర కొనుక్కుని సంచిలో పెట్టుకుని పోవాలి. పోయాను. ఆ ఒడిబియ్యం కూడా నేను పొయ్యకూడదు, మా తమ్ముడి భార్య వచ్చి పోసింది.

గృహప్రవేశం రోజు ఆవును తెచ్చాడు ఒకతను. మొదట ఆవు ఇంట్లోకి అడుగు పెట్టాలి గదా. అపార్ట్‌మెంట్ సెక్రటరీ కోస్తావైపు మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. లుంగీ మీదే కిందికి దిగొచ్చాడు.

"లిఫ్టులో పట్టదండీ. పట్టినా అందులో పేడేస్తే ఎవరు తీస్తారండీ?"

"మెట్ల మీదికెల్లి ఎక్కుతది సార్" అన్నాడు ఆవు మనిషి. "మొన్ననే నాలుగంతస్తులు ఎక్కింది. మస్తు అలవాటు దీనికి."

ఆవు రెండు మెట్లెక్కింది. మూడో మెట్టు చూసి ఆగింది. అతను ముందు నుంచి అరటిపండు చూపించాడు, అల్లుడి దోస్తులు వెనక నుంచి నెట్టారు. అది కదల్లేదు. కదలకపోగా తోక ఎత్తింది.

"చూశారా!" అన్నాడు సెక్రటరీ.

"ఇయ్యాల మూడ్ లేదు సార్ దానికి" అన్నాడు ఆవు మనిషి, దాని వీపు నిమురుతూ.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయ్యగారు ఆవు తోకను బిడ్డ చేతికి తాకించి, దాని కాళ్ళకు పసుపు కుంకుమ పెట్టించి, ఇది చాలు పైకి పదండి అన్నాడు. మెట్ల మీద పేడ పడింది. పై అంతస్తుల వాళ్ళు ఆఫీసులకు దిగే వేళ. సెక్రటరీ నా మొహం చూశాడు. ఎందుకో అంతమందిలో నా మొహమే చూశాడు. చీపురు తెచ్చి, బకెట్టు నీళ్ళు తెచ్చి మెట్లు కడగడం మొదలుపెట్టాను. నేను అక్కడ వంగి కడుగుతుండగానే పైన గంట మోగింది, కొబ్బరికాయ పగిలింది. నా బిడ్డ కుడికాలు గడపలో పెట్టింది. నేను చూడలేదు. నా ఇంట్లోకి మొదటి అడుగు పడడం నేను చూడలేదు.

చేతులు కడుక్కుని పైకి పోయేసరికి అల్లుడి గోత్రం చదువుతున్నారు. అల్లుడి తాతల పేర్లు చదివారు. పాలు స్టవ్వు మీద పెట్టారు, అవి పొంగడం లేదు. అందరూ వంటింటి ముందు మూగి ఉన్నారు. చిన్న మంట మీద కొత్త స్టీలు గిన్నె నిండా పాలు పెడితే ఎట్లా పొంగుతాయి?

"అమ్మా! పొంగుతలేవే" అని లోపల నుంచి బిడ్డ పిలిచింది. చిన్నప్పుడు సబ్బు కళ్ళల్లో పడితే పిలిచినట్టే పిలిచింది.

ఒక అడుగు వేశాను. వియ్యపురాలు చెయ్యి అడ్డం పెట్టింది. గట్టిగా కాదు, మెల్లగా, భుజం మీద చెయ్యి వేసినట్టే పెట్టింది. "వదినె, నువ్వు గీడనే ఉండు. పొంగినంక వద్దువు."

గడప బయట నిలబడి చెప్పాను. "మంట పెద్దగ చెయ్యి బిడ్డా. గిన్నె నడుమకు జరుపు. కొన్ని పాలు తీసి పక్కకు పెట్టు. అంచుకొచ్చినంక కలపకు, ఊకె చూసుకుంట నిలబడు."

నేను చెప్పినట్టే చేసింది. పొంగాయి. స్టవ్వు మీదికి, గట్టు మీదికి కారాయి. అందరూ చప్పట్లు కొట్టారు. వియ్యపురాలు ఆ పాలను కళ్ళకద్దుకుని, "నా కోడలు చెయ్యి మంచిది" అంది.

భోజనాలప్పుడు సెక్రటరీ అల్లుడి దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. "ఓనరుగారూ, కింద బోర్డు మీద మీ పేరు రాయిస్తామండీ." అల్లుడు నా వైపు ఒకసారి చూశాడు. చూసి, తన పేరే చెప్పాడు. విస్తరి ముందు కూర్చుని ఆ మాట విన్నాను. పోనీలే, పెయింటుదేముంది అనుకున్నాను.

సాయంత్రం అయ్యగారు పోతూ ఒక మాట చెప్పిపోయాడు. దీపం కొండెక్కకుండా చూడాలట, పీటల మీద కూర్చున్నవాళ్ళే ఆ ఇంట్లో మూడు నిద్రలు చెయ్యాలట. నేను చాప తెచ్చుకున్నాను, హాల్లో ఓ మూల పడుకుంటానన్నాను. వియ్యపురాలు ఒప్పుకోలేదు. "మూడు నిద్రలు కానీ వదినె. గన్ని రోజులు ఆగినవు, గీ మూడొద్దులు ఆగలేవా? నీకు క్వార్టర్ ఉన్నది గదా."

ఆగాను. చాప చుట్టుకుని మెట్లు దిగి, ఆటో ఎక్కి క్వార్టర్‌కు పోయాను.

మూడు నిద్రలయ్యాయి. నాలుగో రోజు తాళంచెవి తెస్తారని చూశాను. బిడ్డ ఫోన్ చేసింది. పిల్లకు జలుబు చేసింది, తగ్గినంక పోతాం అంది. పిల్లంటే నా మనవరాలు, ఒకటో తరగతి. సరే అన్నాను. జలుబు తగ్గింది. గీడికెల్లి బడి దగ్గరమ్మా, పరీక్షలయ్యేదాక ఉంటం, నీకు క్వార్టర్ ఇంకా ఉన్నది గదా అంది. సరే అన్నాను. ఈ సరే అనేది నా నోట్లో ఎప్పటి నుంచో ఉన్న మాట. మెస్సులో అందరికీ అదే చెప్పాను. ఒకసారి కూర తీసుకుపోతే గోడకు టీవీ బిగించి ఉంది. ఇంకోసారి పోతే బాత్రూం తలుపు మార్చారు. ఆ తర్వాత పోయినప్పుడు బౌద్ధనగర్ నుంచి బీరువా వచ్చింది. పడకగది తలుపు పూర్తిగా తెరుచుకోకుండా అడ్డం నిలబడి ఉంది.

"గిదేంది బిడ్డా?" అన్నాను.

"కిరాయి ఇల్లు ఖాళీ చేసినం అమ్మా." గిన్నెలు తోముతూ వెనక్కి తిరగకుండా చెప్పింది. "ఉత్తగ రెండు దిక్కుల ఎందుకు చెప్పు? మనం మనమే గదా."

"మరి నేను?"

"నీకు హాల్ల మంచం వేస్తం. నువ్వొక్కదానివే ఎట్ల ఉంటవు అసలుకు?"

నా బిడ్డతో కలిసి ఉండడం నాకు చేదా? కాదు. కలిసి ఉందాం అమ్మా అని ముందే అడిగి ఉంటే నేనే వాళ్ళ బీరువాకు ఒక చెయ్యి పట్టేదాన్నేమో. వాళ్ళు అడగలేదు. నా వస్తువులు ఏవి ఎక్కడ పెట్టాలో కూడా వాళ్ళే అనుకుని పెట్టుకున్నారు.

క్వార్టర్ గడువు అయిపోయింది. ట్రాలీ ఆటోలో నా సామానంతా ఒక్క వాయికే పట్టింది. మంచం, రెండు ట్రంకు పెట్టెలు, రుబ్బురోలు, మా ఇంటాయన వాడిన ఇనప గరిటె. క్యాంపస్ దాటుతుంటే చెట్ల కింద పిల్లలు ఎప్పటిలాగే పుస్తకాలు ముందేసుకుని కూర్చుని ఉన్నారు. ఏదేమైనా నా మంచం రోడ్డు మీద ఉండలేదు, దర్జాగా బండి ఎక్కి పోతోంది అనుకున్నాను.

రెండో అంతస్తు తలుపు వియ్యపురాలు తీసింది. ఆమె అప్పటికే ఊరి నుంచి బట్టలన్నీ తెచ్చుకుని వచ్చేసింది. నన్ను చూసి నవ్వి, లోపలికి కేక వేసింది. "కోడలా, మీ అమ్మొచ్చింది. చాయ్ పెట్టు." నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఫ్యాన్ వేసింది. నీళ్ళిచ్చింది. మర్యాదకు ఏం లోటు లేదు. నేను గ్లాసు పట్టుకుని ఉండగా, చాలా ప్రేమగా అడిగింది.

"ఎన్ని దినాలుంటవు వదినె?"

ఆమె చెడ్డతనంతో అడగలేదు. అదే నాకు మండింది. ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆమె లెక్కలో పాలు పొంగించింది కోడలు, గోత్రం కొడుకుది, పేరు కింద బోర్డు మీద ఉంది, నేను బట్టలు పెట్టి పోయిన పుట్టింటిదాన్ని. కోడలి తల్లి వచ్చింది, నాలుగు రోజులుంటుంది, పోతుంది. ఆ లెక్కలో తప్పెక్కడుంది చెప్పండి? ఆ లెక్క నేనే నా చేతులతో వేసిచ్చాను.

గ్లాసు కింద పెట్టాను. "నేను చచ్చిందాక ఉంట వదినె" అన్నాను. "నువ్వెన్ని దినాలుంటవు?"

కింద ట్రాలీవాడు హారన్ కొడుతున్నాడు. బిడ్డ వంటింట్లోంచి వచ్చింది. అల్లుడు పడకగదిలోంచి వచ్చాడు.

"అత్తమ్మా, గట్ల మాట్లాడొద్దు. మా అమ్మ ఏమన్నది ఇప్పుడు?"

"ఏమనలేదు కొడుకా. నేనే అంటున్న. నాకు నా ఇల్లు కావాలె. మీరు వేరే ఇల్లు చూసుకోండ్రి."

"గింత తిరిగిన నీ కోసం" అన్నాడు. "డ్యూటీలు ఇడిచిపెట్టి తిరిగిన."

"తిరిగినవు. కాదంటలేను. తిరిగినందుకు ఇల్లు ఇస్తరా ఎవరన్న?"

అది అనకుండా ఉండాల్సింది. అన్నాను. అతను మళ్ళీ నాతో మాట్లాడలేదు.

బిడ్డ నా ముందు నిలబడింది. ఏడవలేదు. నా బిడ్డే కదా, నాలాగే కోపమొస్తే కళ్ళు ఎండిపోతాయి. "ఇయ్యాల కాకుంటే రేపు నాకే గదా అమ్మా? నీకు ఇంకెవరున్నరు?"

"రేపు నీదే. ఇయ్యాల నాది."

"ఒక్కదానివి ఏం చేస్తవు గీ ఇంట్ల?"

"పొయ్యి ముట్టిస్త."

అప్పుడు ఆ మాట అంది. "పాలు పొంగిచ్చింది నేను. నీకు అచ్చిరాదు గీ ఇల్లు, చూడు."

నన్ను ఎంతమంది ఎన్ని అన్నారో. మెస్సులో ప్లేటు విసిరి కొట్టినవాళ్ళున్నారు. ఏదీ లోపలికి పోలేదు. ఇది పోయింది. ఇప్పటికీ లోపలే ఉంది.

వెంటనే పోలేదు వాళ్ళు. ఆషాఢం వచ్చింది, ఆషాఢంలో ఇల్లు మారరాదని వియ్యపురాలు అంది. ఆషాఢమంతా అందరం ఆ ఇంట్లోనే ఉన్నాం. నేను హాల్లో మంచం మీద, నా పెట్టెలు బాల్కనీలో కవరు కప్పుకుని వానలో. వంటింట్లోకి నేను పోతే ఆమె బయటికి వచ్చేది, ఆమె పోతే నేను వచ్చేదాన్ని. మనవరాలు ఒక్కతే రాత్రి నా పక్కకు వచ్చి పడుకునేది. పిల్లను మధ్యలో పట్టుకుని మాట్లాడడం కూడా మొదలైంది. "మీ అమ్మమ్మను అడుగు, అన్నం తింటదేమో." "మీ అమ్మకు చెప్పు, తిన్న అని."

శ్రావణం రాగానే మంచిరోజు చూసుకుని పోయారు, విద్యానగర్‌లో అద్దెకు. పోయేటప్పుడు టీవీ పోయింది, బీరువా పోయింది, పాలు పొంగించిన స్టీలు గిన్నె పోయింది. చివరికి గుమ్మం పైన దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయను కూడా స్టూలేసుకుని విప్పించింది వియ్యపురాలు. "నా కొడుకు పేరు మీద కట్టింది. గీడ ఉండొద్దు." దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది, పసిపిల్లను పెట్టుకున్నట్టు. నాకు నవ్వొచ్చింది. పక్కన నవ్వడానికి ఎవరూ లేరు. గుమ్మానికి కొక్కెం అట్లాగే ఉంది. నేను వేరే గుమ్మడికాయ కట్టలేదు. ఇంకేం దిష్టి తగలాలి నాకు?

మర్నాడు పొద్దున్నే లేచాను. నా ఇంట్లో నేనొక్కదాన్నే. స్నానం చేసి, పొయ్యి కడిగి పసుపు రాశాను. పాల ప్యాకెట్ తెచ్చి పాత గిన్నెలో పోశాను. ముహూర్తం లేదు, అయ్యగారు లేడు. ఇవాళ నేను పొంగిస్తాను, ఎవరు అడ్డం పెడతారో చూస్తాను అనుకున్నాను. మంట పెద్దది చేసి ఎదురుగా నిలబడ్డాను. కిటికీలో మెట్రో పోయింది. పాలు లేచాయి. అంచు దాకా వచ్చాయి. అంచు మీద తెల్లగా ఉబ్బి, ఇక దూకుతాయనగా నా చెయ్యి పోయి మంట తగ్గించింది. నేను తగ్గించలేదు, నా చెయ్యి తగ్గించింది. పాలు మెల్లగా కిందికి కూర్చున్నాయి.

మళ్ళీ పెంచాను. మళ్ళీ తగ్గించింది. ఆపేశాను.

చాయ్ పెట్టుకున్నాను. ఒక్కదానికి ఎన్ని పాలు పొయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు, ఎప్పుడూ ఎక్కువే అవుతాయి. బిడ్డకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. బిడ్డ మళ్ళీ చెయ్యలేదు. ఇది చెబుతున్న రోజు దాకా చెయ్యలేదు.

ఆ పొద్దున ఫోన్ కింద పెట్టగానే బెల్ మోగింది. తలుపు తీస్తే సెక్రటరీ.

"అల్లుడుగారున్నారాండీ?"

"లేడు."

"ఎప్పుడొస్తారండీ? వాటర్ ట్యాంకు కడిగించాలి, ఓనర్లందరితో ఒక మాట అనుకోవాలి."

"నాతోటి అనుకోండ్రి. ఓనర్‌ని నేనే."

"అంటే, అదేనండీ, మీరే అనుకోండి" అని నవ్వాడు. నవ్వుతూనే నా భుజం మీంచి లోపలికి తొంగి చూశాడు. ఎవరైనా బయటికి వస్తారేమోనని చూస్తూనే ఉన్నాడు. నేను పక్కకు జరిగాను. బాగా చూసుకోనీ అని తలుపు పూర్తిగా తెరిచాను. లోపల మంచం ఉంది, స్టవ్వు మీద మిగిలిన పాలు ఉన్నాయి.